చేపలామె మీద ఎర్ర దారం

వాన రోజు 9. మొదటి షిఫ్టు ముగించి పైకి ఎక్కాక.

తప్పు జరిగింది. చేసినవాడు రుద్రారపు ఓదెలు. చోటు: ఆరో నంబరు బాయి, నాలుగో లెవెల్, పదకొండో గది. నాలుగు వందల పన్నెండో బొమ్మ డొల్లబారి ఉంటే, గట్టిదని పుస్తకంలో రాసి కింద సంతకం పెట్టాడు.

ఇది మరుగున పడిపోకూడదని నేను, ఎలుకపెల్లి సారక్క, వేరేగా రాసి పెడుతున్నాను. రాస్తున్నది పాత యూనియన్ కరపత్రాల వెనకవైపు. లాంప్ రూమ్ అటక మీద వాటి కట్టలు ఇంకా చాలా ఉన్నాయి. నాకు చదువు వచ్చింది వాటి ముందువైపు నుంచే. "అన్యాయం చూసి నోరు మూసుకున్నవాడు అందులో పాలివాడు" అని ఒకదాని మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. నేను నోరు మూసుకునే రకం కాదు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున దిగగానే పైపుల మీద చెమట తుడిచాం. వానలు పడితే ఎండిన నేల ఒక్క గుక్కలో తాగి, మా కప్పులోంచి చుక్క చుక్కగా వదులుతుంది. పంపులు ఒక గంట ఆగితే బొమ్మల చెక్కలు ఉబ్బుతాయి. రెండు గంటలు ఆగితే రంగు లేస్తుంది. అందుకే ఈ నెలలో ఇద్దరిద్దరు జట్టుగా ప్రతి బొమ్మనూ చూసి, తట్టి, విని రాయాలి. నా జతగాడు ఓదెలు. నేను అడగలేదు. జట్లు వేసేది మా తాత.

నాలుగు వందల పన్నెండును మేమంతా చేపలామె అంటాం. చెక్క మీద నూనె రంగులు. నాలుగైదు వందల ఏళ్ళ నాటిది. గీసినాయన పేరు వెనకవైపు చెరిగిపోయింది. ఒక ఆడమనిషి కిటికీ పక్కన కూర్చుని చేప పొలుసు గీస్తూ ఉంటుంది. కత్తి మధ్యలో ఆగింది, ఎవరో పిలిచినట్టు తల కొంచెం తిప్పింది. సముద్రం పడమటి ఊళ్ళను మింగినప్పుడు ఓడల్లో వచ్చిన నాలుగు వేల బొమ్మల్లో ఆమె ఒకతి. భూమి మీద ఎండకు ఏ రంగూ నిలవదు కాబట్టి, బొగ్గు తవ్వడం ఆపేసిన మా బాయిలో దాచారు. బొగ్గు మోసిన టబ్బుల్లోనే వాటిని దింపారట.

నేను దీపాన్ని బొమ్మకు చెంపగా పట్టుకున్నాను. వెలుగు అలా పక్క నుంచి పాకితే లేచిన రంగు పెచ్చు ఎంత చిన్నదైనా నీడ వేస్తుంది. ఆకాశం మీద పగుళ్ళ వల, పాతదే, పెరగలేదు. రవిక మీద రెండు చోట్ల రంగు గిన్నెలా లేచింది, పోయినేడు ఉన్నంతే. మూడు పలకలు కలిసే అతుకు సన్నగా విడింది, గోరు దూరదు. పురుగు తొలిచిన బెజ్జాలు పదిహేడు, కొత్త పొడి లేదు. ఇదంతా నేనే చెప్పాను, ఓదెలు రాశాడు.

తర్వాత తట్టడం. రంగు కింద సుద్ద పూత ఉంటుంది, దాని కింద చెక్క. సుద్ద చెక్కను వదిలేస్తే పైకి ఏమీ కనపడదు. చెవికే తెలుస్తుంది. ఓదెలు వెదురు పుల్లతో కింది మూల నుంచి తట్టుకుంటూ పోయాడు. టక్, టక్, టక్. చేపల బుట్ట దగ్గర శబ్దం మారింది.

"ముడి," అన్నాడు నేను నోరు తెరిచే లోపే. "చెక్కల ముడి ఉన్నది గాడ. గట్టిగనే ఉన్నది. రాద్దామా సారక్కా?"

"డొల్ల," అన్నాను.

అతను నా వైపు చూశాడు. మళ్ళీ తట్టలేదు, ఏమీ అడగలేదు. అది మా బాయి ఆచారం. బొగ్గు తవ్వే రోజుల్లో పై కప్పును కట్టెతో తట్టి వినేవాళ్ళు. పదిమందిలో ఒక్కడు డొల్ల అని కూత పెడితే చాలు, మిగతావాళ్ళు పనిముట్లు వదిలేసి బయటికి ఉరకాలి. ఎందుకన్నావని అడగకూడదు. అడిగితే రేపు ఇంకొకడు అనడానికి జంకుతాడు, ఆ జంకే పదిమందిని చంపుతుంది. బొమ్మలు వచ్చాక వాటిని వినే నియమాలు రాసింది కూడా మా బాయి ముసలివాళ్ళే. అదే ఆచారం వీటికీ పెట్టారు. ఇద్దరిలో ఒక్కరు డొల్ల అన్నా బొమ్మకు ఎర్ర దారం కట్టాలి. దారం చూసి మా తాత వచ్చి, సూదితో చేప జిగురు ఎక్కించి, ఇసుక సంచి బరువు పెడతాడు.

నేను దారం కట్టాను. అతను తన గడిలో "గట్టి. ముడి." అని రాసుకున్నాడు. నా కళ్ళ ముందే నన్ను చెవిటిదని రాసినట్టు! మూడేళ్ళ కింద పంపులకు నూనె పోసుకుంటూ ఉన్న మనిషి. నేను పదేళ్ళ వయసు నుంచి ఈ గదుల్లో తిరుగుతున్నాను. ఎవరి చెవిని నమ్మాలి?

వాన రోజు 10.

ఇంకొకటి రాయాలి. పదకొండో గదిలో తేమ చెప్పే ముల్లు ఒక వెంట్రుకకు వేలాడుతుంది. తేమ పెరిగితే వెంట్రుక సాగి ముల్లు దిగుతుంది. ఆ వెంట్రుక నాది. నాకు పన్నెండేళ్ళప్పుడు మా తాత నా జడలోంచి ఒక్కటి తెంపి, సోడా నీళ్ళలో కడిగి కట్టాడు. ఇవాళ చూస్తే అక్కడ వేరే వెంట్రుక ఉంది.

"నీది సాగిపోయింది సారక్కా, నాలుగు గీతలు తప్పు జూపెడుతున్నది," అన్నాడు ఓదెలు. "మా చెల్లెది కట్టిన."

"నన్ను అడగకుంటనా?"

"వెంటికే కదా."

వెంటికే కదా! కరపత్రాల్లో ఆక్రమణ గురించి చదివాను. అది ఇలాగే మొదలవుతుందట, చిన్న వస్తువుతో, మర్యాదగా.

పనిలో అతని ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కళ్ళు మూసి, నోరు కొంచెం తెరిచి వింటాడు, పాల గిన్నె ముందు పిల్లిలాగా. ఇవాళ ఇంటికి వచ్చి నేనూ నోరు తెరిచి బిందెను తట్టి చూశాను. ఏమీ తేడా లేదు. ఇది రాయకూడదనుకున్నాను, రాసేశాను.

మా తాత సంగతీ రాస్తాను. ఎలుకపెల్లి మొగిలి, ఆరో బాయి చెవి సర్దార్. ముప్పై ఒక్కమంది వినేవాళ్ళం ఆయన కింద. ఇంట్లో నేను మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలుకుతాడు, అదీ విసుగ్గా. బాయిలో ఓదెలు పక్కకు వచ్చి చెయ్యి తాకితే చాలు, ముఖం వెలుగుతుంది. ఇద్దరూ బొమ్మ ముందు నిలబడి గంటల తరబడి మాట లేకుండా ఉంటారు. నన్ను చూసి దూరంగా జరుగుతారు. ఏం దాస్తున్నారు?

వాన రోజు 11.

ఇవాళ లాంప్ రూమ్ ముందు, హాజరు మస్టర్ పడే వేళ, అందరూ ఉండగా మా తాత తన కట్టె పైకెత్తాడు. ఇత్తడి పొన్ను వేసిన వెదురు కట్టె, సర్దార్ గుర్తు. ఆయన తండ్రి దానితో కప్పు తట్టాడు.

"ఈ వానలు ఒడిసినంక నేను దిగ," అన్నాడు. "కట్టె ఓదెలుది."

అంతే. నా వైపు చూడను కూడా లేదు.

లాంప్ రూమ్ లస్మక్క ఊరుకుంటుందా? "మనుమరాలుండంగ పరాయోనికి ఇచ్చినవేంది ముసలోడా?" అని అందరికీ వినపడేలా అరిచింది.

"చెవులకు సుట్టరికముంటదా లస్మీ?" అన్నాడు తాత.

జనం నవ్వారు. నేను నా దీపాన్ని బల్ల మీద పెట్టాను. గట్టిగానే పెట్టాను. అద్దం పగిలింది.

"దాని మీదేం కోపమే? అది నీకంటె పెద్దది," అంది లస్మక్క ముక్కలు ఏరుతూ.

ఓదెలు కట్టె తీసుకోవడానికి వంగినప్పుడు అతని చెవులు ఎర్రబడ్డాయి. సిగ్గట! పన్నెండేళ్ళు నేను ఆ కట్టెకు నూనె రాశాను. పొన్ను మీద మెరుపు నా కొంగుది. నాకు పదవి మీద ఆశ లేదు, పదవులే ఉండకూడదని నా నమ్మకం. కానీ న్యాయం అంటూ ఒకటి ఉంటుంది కదా. డొల్లను గట్టి అన్నవాడు సర్దార్ అయితే నాలుగు వేల బొమ్మల గతేమిటి? చేపలామె మీద నా దారం ఉన్నంతకాలం అతని గడిలోని ఆ రెండు మాటలు అతన్ని వేలెత్తి చూపుతూనే ఉంటాయి. తాత జిగురు ఎక్కించడానికి సూది దించినప్పుడు తెలుస్తుంది ఎవరి చెవి ఎంతో.

వాన రోజు 12.



పై నగరం నుంచి, ఈ బొమ్మల మీద అజమాయిషీ చేసే ప్రతుల మండలి ఇన్‌స్పెక్టర్ కౌండిన్య గారు దిగారు. చల్లని బట్టలు వేసుకున్నారు, మెడ దగ్గర చిన్న పంకా తిరుగుతోంది. వెంట ఒక పెట్టె. పెట్టెలో మూడు సీసాలు, మీద నంబర్లు. పోయినేడు మూడో లెవెల్ నుంచి తీసుకుపోయిన మూడు బొమ్మలవి.

"బొమ్మలేవి సార్?" అని అడిగాను.

"ఇవేనమ్మా," అన్నారు సీసాలు చూపించి. సీసాలో గోధుమ రంగు పొడి. కొంచెం నీలం కూడా ఉంది.

అప్పుడు చెప్పారు. పైన కొత్తగా చదువు యంత్రం వచ్చింది. బొమ్మను పొర తర్వాత పొరగా గీరుతూ చదువుతుంది. వార్నిషు, రంగు, దాని కింద గీసినాయన చెరిపేసిన గీతలు, సుద్ద, చివరికి చెక్క. చదవడం పూర్తయ్యేసరికి గోడల మీద వెలిగే ప్రతి తయారవుతుంది, తట్టలో పొడి మిగులుతుంది.

"ప్రతిలో వెంట్రుకంత తేడా ఉండదు. ఇంకా చెప్పాలంటే ఇవాళ్టి బొమ్మ కంటే అదే అసలుకు దగ్గర," అన్నారాయన. చెడ్డ మనిషిలా లేరు. "మంచి స్థితిలో ఉన్న వాటిని ముట్టుకోము. చట్టం ఒప్పుకోదు. ఎలాగూ పోయేవాటినే చదువుతాం. అందుకని ఇకమీదట జిగురు వైద్యాలు ఆపేస్తున్నాం. ఎర్ర దారం కట్టినవి పదిహేడో రోజు ఉదయం ఏడింటికి పైకి పంపాలి."

నాకు కోపం ఆగలేదు. మందిలోంచి ముందుకు వచ్చాను. "అరవై ఏండ్లు వీటిని తుడిచింది మేము. తేమకు కాపలా కాసింది మేము. మీరొచ్చి గీరి సీసాల పోస్తరా? మీ అబ్బ సొత్తా ఇవి?" అన్నాను. వెనక ఎవరో ఈల వేశారు. ఇంకా చాలా అన్నాను, కరపత్రాల్లో ఉన్నవి, లేనివి.

ఆయన ఓపికగా విని పుస్తకం తిప్పారు. "నాలుగో లెవెల్‌లో ఒక్కటే ఉంది. నాలుగు వందల పన్నెండు. దారం మేము కట్టలేదు కదమ్మా. ఒకరు గట్టి అన్నారు, ఒకరు డొల్ల అన్నారు. మీ నియమం ప్రకారం డొల్లే చెల్లుతుంది. సంతకం..." కళ్ళద్దాలు సర్దుకున్నారు. "ఎలుకపెల్లి సారక్క. ఎవరు?"

ముప్పై మంది నా వైపు చూశారు. ఈల వేసినవాడు కూడా.

ఓదెలు నేల చూపులు చూస్తున్నాడు. ఆ క్షణంలో కూడా, రాయకపోతే అబద్ధమవుతుంది, నాకు అతని మీదే కోపం వచ్చింది.

వాన రోజు 13.

డొల్ల అయితే నా తప్పు లేదు. డొల్ల అయిన బొమ్మను డొల్ల అన్నాను. ఈ మాట రోజంతా నాలో నేను చెప్పుకున్నాను. రెండో షిఫ్టులో పదకొండో గదికి ఎవరినీ వేయలేదు. ఒక్కదాన్నే వెళ్ళాను, రుజువు కోసం. మధ్యవేలు మడిచి, కణుపుతో చేపల బుట్ట మీద తట్టాను.

టక్, టక్, టొక్, టక్.

మళ్ళీ తట్టాను. కళ్ళు మూసుకుని, తెరుచుకుని. అరచెయ్యి పక్కన ఆనించి. సుద్ద లేచిపోతే శబ్దం చుట్టూ మెల్లగా మారుతూ పోతుంది, తడి అప్పడం మీద తట్టినట్టు వేలి కింద వణుకుతుంది. ఇది అలా లేదు. ఒక్క చోటే మారి, అంచు కట్టినట్టు ఆగిపోయింది. వణుకు లేదు.

బొమ్మను ఇసుక దిండు మీద ఒరిగించి వెనక చూశాను. దీపం చెంపగా పెట్టగానే కనపడింది. రేగుపండంత ముడి. నల్లగా, గుండ్రంగా, చెక్కలో చెక్కగా గట్టిగా కూర్చుని ఉంది. ఆ చెట్టు కొమ్మ వేసిన చోటు.

ముందుకు తిప్పి చాలాసేపు చూశాను. అరవై ఏళ్ళలో ఎంతమంది చూసి ఉంటారు ఆమెను? ఇన్నేళ్ళూ నేను పగుళ్ళు చూశాను, బెజ్జాలు లెక్కపెట్టాను. బొటనవేలికి పొలుసు ఒకటి అంటుకుని ఉందని ఇవాళే చూశాను. చిన్న తెల్ల చుక్క. గీసినాయన ఆ ఒక్క పొలుసు కోసం సన్నని కుంచె వేరేగా తీసి ఉంటాడు. యంత్రం దాన్ని కూడా చదువుతుందట.

తొమ్మిదో రోజు రాసింది తీసి చదివాను. అంతా వివరంగా ఉంది. ఒక్క సంగతి లేదు. ఓదెలు ముడి అనకముందు, ఆ శబ్దం మారిన మొదటి క్షణంలో, నా చెవిలో పడింది కూడా ముడే. నేనూ అదే అనబోయాను. అతను ముందు అన్నాడు. అంతే జరిగింది. అతను ఒక రెప్పపాటు ఆగి ఉంటే చేపలామెకు ఏమీ అయ్యేది కాదు.

మళ్ళీ అతని మీదికే తోస్తున్నాను చూడండి.

వాన రోజు 14.

ఇన్‌స్పెక్టర్ గారి గదికి వెళ్ళాను.

"సార్, నాలుగు వందల పన్నెండు గట్టిది. పొరపాటు అయింది. దారం తీసేయండి."

ఆయన నియమాల పుస్తకం నా వైపు తిప్పారు. "వెనక్కి తీసుకోవడానికి ఇందులో గడి లేదమ్మా. మీ పెద్దవాళ్ళు పెట్టలేదు. ఒకసారి డొల్ల అన్నది డొల్లే. పైగా పొరపాటు అంటున్నారు. వినపడలేదా మీకు?"

"వినవడ్డది."

"వినపడి, గట్టిదని తెలిసి, డొల్ల అన్నారా? ఎందుకంటారు ఎవరైనా అలా?"

ఈల వేయించుకున్న నోరే. "వస్త సార్," అంది. ఆయన మెడ దగ్గర పంకా తిరుగుతూనే ఉంది. దండం పెట్టి వచ్చేశాను.

ఓదెలు పంపుల దగ్గర టిఫిన్ డబ్బా విప్పుకుని ఒక్కడే తింటున్నాడు. కట్టె పక్కన గోడకు ఆనించి ఉంది. ఇంకా సర్దార్ కాలేదు, అప్పుడే వెంటేసుకుని తిరుగుతున్నాడు.

"అది ముడే," అన్నాను నిలబడే.

"ఎర్కే."

"ఎర్కైతే ఎందుకడగలే? ఇంకోసారి తట్టుదాం సారక్కా అంటే నీ నోట్లె ముత్యాలు రాల్తయా?"

అతను ముద్ద డబ్బాలో పెట్టేశాడు. "మా నాయిన ఎట్ల సచ్చిండో ఎర్కనా నీకు?"

రెండో లెవెల్ గదులు వెడల్పు చేసేటప్పుడు కప్పు కూలి చనిపోయాడని తెలుసు. అదే అన్నాను.

"కూలెటప్పుడు ఆయినెతోని కలిపి ఆరుగురు ఉన్నరు. ఒకామె డొల్ల అన్నది. అయిదుగురు ఉరికిన్రు. మా నాయిన 'ఏడ?' అని అడిగి తల పైకి ఎత్తిండు. గంతే. ఒక్క మాట. నేను అడగ సారక్కా. నువ్వు రోజుకు పదిసార్లు అన్నా అడగ. నువ్వైనా, ఎవలైనా."

పంపు కొట్టుకుంటోంది. నేను అతని పక్కన నేల మీద కూర్చున్నాను. 

"మరి తాతతోని ఏం దాస్తున్నరు మీరిద్దరు? నేనొస్తే జరుగుతరు."

అతను కట్టెను దగ్గరకు లాక్కున్నాడు. "సర్దారు చెప్పొద్దన్నడు. ఇగ దాసేదేమున్నది. ఆయినెకు కుడి చెవు రెండేండ్ల సంది లేదు. ఎడమది సగం. పాత పేలుళ్ళ దెబ్బ. నేను తట్టి, ఇని, ఆయిన అరచేతుల వేలుతోని జెప్త. గట్టైతే ఒకటి, డొల్లైతే రెండు. నీకు తెలిస్తే కొట్లాడి ఆయిననే సర్దారుగ ఉంచుతవట. గదీ ఆయిన భయం."

ఒకే ఇంట్లో ఉంటాం. మూడుసార్లు పిలిస్తే ఒకసారి పలికేవాడు. నేను దాన్ని నా మీద విసుగు అనుకున్నాను. చెవి పని చేసే మనిషిని, ముందు కూర్చున్న ముసలివాడికి చెవులు పోయిన సంగతి వినలేకపోయాను.

"నీ పప్పుల ఉప్పు లేదు," అన్నాడు ఓదెలు, నా డబ్బాలోంచి తీసి తింటూ. నేను ఎప్పుడు విప్పానో నాకే తెలియదు.

వాన రోజు 15.

ఇవాళ ఇంట్లో జరిగింది మా క్వార్టర్ల లైనంతా విన్నది, కాబట్టి దాచేదేమీ లేదు.

తాత గడపలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఎడమవైపు కూర్చున్నాను.

"తాతా, నేను అబద్ధమాడిన," అన్నాను.

"ఆఁ?"

"అబద్ధమాడిన!"

"పడినవా?"

"పడలే! అబద్ధం! చేపలామె డొల్ల కాదు! ఓదెలు ముందు జెప్పిండని కుళ్ళుతోని డొల్ల అన్న!" గొంతు చించుకుని అరిచాను. రెండిళ్ళ అవతల లస్మక్క తలుపులోంచి తల బయటపెట్టింది. ఎదురు లైనులో పిల్లలు ఆట ఆపారు.

"గట్ల గట్టిగ జెప్పు. ఇప్పుడు ఇనవడ్డది," అన్నాడు తాత.

బీడీ చివరిదాకా కాల్చాడు. నేను ఆయన మోకాలు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత అన్నాడు: "నీ చెవు మంచిదే బిడ్డా. ఓదెలుది దానికన్న మంచిదేం కాదు. కని ఆడు ఇన్నంక మాట్లాడ్తడు. నువ్వు మాట్లాడినంక ఇంటవ్. గందుకే కట్టె ఇయ్యలే."

ఏడ్చాను. ఓదెలు చెవి నా చెవికంటే మంచిదేం కాదన్నాడు కదా అని లోపల ఎక్కడో సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషాన్ని ఏం చేయాలో నాకు తెలియదు.

"పైకి పోతది తాతా ఆమె. గీరి సీసాల పోస్తరు. కూతను వెనుకకు తీసుకునుడే లేదా మన బాయిల?" ఈసారి కూడా అరిచే అడిగాను.

"ఉన్నది. పుస్తకంల రాయలే. రాస్తే అందరు అదే జేస్తరని రాయలే."

చెప్పాడు. బొగ్గు రోజుల్లో ఎవరైనా తప్పుడు కూత పెడితే, ఆ చోటు మళ్ళీ తెరవాలంటే ఒకటే దారి. కూత పెట్టినవాడు షిఫ్టు అందరి ముందు, తలకు టోపీ లేకుండా, ఆ కప్పు కిందికి ముందుగా వెళ్ళి నిలబడాలి. ఎందుకు అబద్ధమాడాడో నోటితో చెప్పాలి. తర్వాత ఒక్కొక్కరే వచ్చి వాడి పక్కన నిలబడి కప్పు తట్టి, విన్నది పైకి అనాలి. అందరూ గట్టి అంటేనే పని మొదలు. ఒక్కరు డొల్ల అన్నా అది శాశ్వతంగా మూత.

"మండలి ఒప్పుకుంటదా?"

"వాళ్ళ చట్టంల 'బాయి వినికిడి ఆచారాలు చెల్లును' అని ఉన్నది. రాసినయి అనలే, ఆచారాలు అన్నది. గా ముక్క రాయించింది మా నాయిన. సర్దారునైన నేను సంతకం పెడ్త. కని బిడ్డా..." నా తల మీద చెయ్యి పెట్టాడు. "కూతను వెనుకకు తీసుకున్నోళ్ళు మళ్ళ జన్మల కూత పెట్టద్దు. ఏ కప్పు మీద మాట్లాడద్దు. నీ చెవు పని గాడికి ఒడిసినట్టే."

పన్నెండేళ్ళు. ఇంకో పని నాకు రాదు.

లస్మక్క తలుపు దగ్గర నుంచే అంది: "లాంప్ రూముల అద్దాలు తుడిచేటోళ్ళు కావాలె. పగులగొట్టేటోళ్ళు కాదు."

వాన రోజు 16. ఇది లాంప్ రూమ్ గోడకు అంటించడానికి.

ఆరో బాయి చెవి పనివాళ్ళకు, ముప్పై మందికీ.

తప్పు జరిగింది. చేసింది ఎలుకపెల్లి సారక్క. గట్టిగా ఉన్న నాలుగు వందల పన్నెండో బొమ్మను, గట్టిదని తెలిసి, డొల్ల అన్నాను. రుద్రారపు ఓదెలు సరిగ్గా విన్నాడు, సరిగ్గా రాశాడు. అతను నాకంటే ముందు అన్నాడన్న కుళ్ళు తప్ప నాకు వేరే కారణం లేదు. ఆ కుళ్ళు ఇంకా పోలేదు. కట్టె అతని చేతిలో చూస్తే ఇవాళ కూడా నా కడుపు మండింది. మండటం ఆగాక నిజం చెబుదామంటే చేపలామెకు అంత వ్యవధి లేదు.

మన ముసలివాళ్ళు మనుషులను బతికించడానికి పెట్టిన ఆచారాన్ని నేను ఒక మనిషిని చిన్నబుచ్చడానికి వాడాను. పై వాళ్ళు దాన్ని బొమ్మలను గీరడానికి వాడుతున్నారు. వాళ్ళను తిట్టే ముందు నన్ను తిట్టండి. తిట్టాక మాత్రం వాళ్ళను వదలకండి. ఇకమీదట మీరు కట్టే ప్రతి ఎర్ర దారం ఒక సీసా. అది గుర్తుపెట్టుకుని కట్టండి. నిజంగా డొల్ల అయితే భయపడకుండా డొల్ల అనండి, జిగురు వైద్యం మళ్ళీ తెప్పించే కొట్లాట మనం కొట్లాడాలి.

రేపు నేను టోపీ లేకుండా ఆమె పక్కన ముందుగా నిలబడతాను. మీరు ఒక్కొక్కరే వచ్చి తట్టండి. నన్ను చూసి జాలిపడి గట్టి అనకండి. నా మీద కోపంతో డొల్ల అనకండి. చేపల బుట్ట దగ్గర శబ్దం మారుతుంది, అక్కడ ఆగండి, చివరిదాకా వినండి, తర్వాత నోరు తెరవండి. ఒక్కరు డొల్ల అన్నా నేను మారుమాట అనను. ఎందుకన్నారని ఎవరూ అడగరు.

ఏడింటికి టబ్బు వస్తుంది. మొదటి షిఫ్టు, రెండో షిఫ్టు, సెలవులో ఉన్నవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు, నాతో మాటలు లేనివాళ్ళు, అందరూ రండి. ఓదెలూ, నువ్వు కూడా. నా తర్వాత మొదటి వంతు నీది.

రేపు, పదిహేడో రోజు, పొద్దున ఆరు గంటలకు. నాలుగో లెవెల్, పదకొండో గది.